ఖిబ్లా వైపు ఆరు గంటలు

టిక్కెట్టు చేతికి అందిన రోజున అమ్మీ కళ్ళజోడు పెట్టుకుని దానిని రెండుసార్లు చదివారు. హైదరాబాదులో బయలుదేరే సమయం మధ్యాహ్నం 2 గంటలు. జిద్దా చేరే సమయం సాయంత్రం 5 గంటల 15 నిమిషాలు. వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టి, "మూడుంబావు గంటలేనా! మన మిర్యాలగూడ నుంచి హైదరాబాదుకు బస్సులో అంత సేపు పట్టదూ?" అని ఆశ్చర్యపోయారు.

బయలుదేరే వేళ మన గడియారం చెప్పేది, చేరే వేళ వాళ్ళ గడియారం చెప్పేది అని మేము వివరించాము. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. కాబట్టి ప్రయాణం మూడుంబావు గంటలు కాదు, అయిదు గంటల నలభై అయిదు నిమిషాలు. అమ్మీ కాసేపు మౌనంగా ఉండి, "అయినా సరే, మా అబ్బాకు నాలుగు నెలలు పట్టింది" అన్నారు.

ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఉమ్రా సన్నాహాలన్నీ ఒకవైపు సాగుతుండగా, ఈ దూరం అసలు ఎంత, దానిని మనుషులు ఎలా దాటుతూ వచ్చారు అన్న ఆలోచన మరోవైపు మా వెంట నడిచింది.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి జిద్దా విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి 4,100 కిలోమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. విమానాలు ఆకాశంలో నిర్దేశించిన మార్గాలను అనుసరించి నడుస్తాయి గనుక ఈ లెక్కకు మరికొంత కలుస్తుంది. గోడకు తగిలించిన పటం మీద ఈ రెండు ఊళ్ళను సరళరేఖతో కలిపితే అది అతి దగ్గరి దారి కాదు. భూమి గుండ్రన. ఒక బంతి మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారాన్ని బిగించి పట్టుకుంటే ఆ దారం ఎక్కడ ఆనుతుందో అదే దగ్గరి దారి. పటం మీద అది వంగినట్టు కనిపిస్తుంది. హైదరాబాదు నుంచి జిద్దాకు ఆ దారం బిగిస్తే, మొదట అది సూటిగా పడమరకు పోదు. పడమర నుంచి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు వాలి బయలుదేరుతుంది. పోనుపోను ఆ వాలు తగ్గి, జిద్దా చేరే సరికి అచ్చంగా పడమర అవుతుంది.

ఈ 13 డిగ్రీల లెక్క చూసినప్పుడు మాకు మా ఊరి మసీదు గుర్తొచ్చింది. ఖిబ్లా ఎటు అని ఎవరైనా అడిగితే మనం "పడమర" అనేస్తాం. కానీ హైదరాబాదు నుంచి కాబా దిశ కూడా పడమర నుంచి ఉత్తరానికి దాదాపు అదే 13 డిగ్రీలు. కారణం సులభమే. ఖిబ్లాను లెక్కగట్టేదీ ఆ బిగించిన దారంతోనే, విమానం పోయే దారిని లెక్కగట్టేదీ ఆ దారంతోనే. మక్కా, జిద్దా పక్కపక్కన ఉన్న ఊళ్ళు. అంటే, రోజుకు అయిదుసార్లు మనం ముఖం తిప్పే ఆ గీత మీదనే విమానం ఎగిరి వెళుతుంది. ఎన్నో ఏళ్ళుగా నిలబడి చూసిన గీత మీద ఒకసారి కూర్చుని ప్రయాణించడం అన్నమాట. ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మీ సంతోషించారు గానీ ఆశ్చర్యపోలేదు. ఆమె దృష్టిలో అది అలాగే ఉండాలి.

ఇక నాలుగు నెలల సంగతి. మా నానా 1957లో హజ్‌కు వెళ్ళారు. అమ్మీకి అప్పుడు ఏడేళ్ళు. బస్సులో హైదరాబాదు, రైల్లో బొంబాయి, అక్కడి ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం పది రోజుల నిరీక్షణ, ఆపైన సముద్రం. బొంబాయి నుంచి అరేబియా సముద్రం దాటి, ఏడెన్ పక్కగా బాబుల్ మందబ్ జలసంధిలో దూరి, ఎర్రసముద్రంలో ఉత్తరానికి తిరిగి జిద్దా చేరడానికి ఓడ సుమారు 4,300 కిలోమీటర్లు నడవాలి. చిత్రమేమిటంటే హైదరాబాదు నుంచి విమానం ఎగిరే దూరమూ ఇంచుమించు ఇంతే. ఓడ గంటకు ఇరవై నాలుగు, ఇరవై అయిదు కిలోమీటర్లు పోతుంది గనుక వారం ఎనిమిది రోజులు పట్టేది. విమానం గంటకు ఎనిమిది వందల పైచిలుకు పోతుంది గనుక ఆరు గంటల లోపు ముగుస్తుంది. దూరం మారలేదు, దానికి మనం పెట్టే వెల మారింది.

ఆ సముద్ర మార్గం మన తెలుగు నేలకు కొత్తది కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఎర్రసముద్రానికి ఓడలు వెళ్ళేవి, సరుకులతో పాటు హాజీలూ ఎక్కేవారు. పడమటి తీరాన సూరత్ రేవుకు మక్కా ద్వారమన్న పేరే ఉండేది. దారిలో తుపానులే కాదు, దోపిడీలూ ఉండేవి. 1695లో మక్కా యాత్రికులతో తిరిగి వస్తున్న మొఘల్ ఓడ గంజె సవాయీని ఆంగ్లేయ సముద్రపు దొంగ హెన్రీ ఎవ్రీ దోచుకున్నాడు. ఆవిరి ఓడలు వచ్చాక ప్రయాణం కుదించుకుపోయింది గానీ, కలరా భయంతో ఎర్రసముద్రంలోని కమరాన్ ద్వీపంలో 1882 నుంచి యాత్రికులను దించి నిర్బంధంలో ఉంచే ఏర్పాటు మొదలైంది. మక్కాకు ఇంత దగ్గరగా వచ్చి ఆ ఇసుక దీవిలో రోజులు లెక్కపెట్టినవారి మనఃస్థితిని ఊహించడం కష్టం. బొంబాయి నుంచి హాజీల ఓడలు నడవడం 1995తో ఆగిపోయింది. ఇప్పుడు అంతా ఆకాశమార్గమే.

నానా ప్రయాణంలో అమ్మీకి బాగా గుర్తున్నది ఓడ కాదు, ఆయన బయలుదేరక ముందు గడిచిన నెల. ఆ నెలంతా ఆయన ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి గుమ్మం దగ్గర నిలబడి, "కహా సునా మాఫ్ కర్నా" అన్నారు. అన్నది, విన్నది మన్నించమని. ముస్లింల ఇళ్ళే కాదు. కరణం గారింటికి, కుమ్మరివారింటికి, చాకలివారింటికి కూడా వెళ్ళారు. పొలం గట్టు దగ్గర ఏళ్ళ తరబడి తగాదా ఉన్న పొరుగు రైతు దగ్గరికి వెళ్ళి, గట్టును మూరెడు తనవైపు జరుపుకోమని చెప్పి వచ్చారు. కిరాణా కొట్టులో అణాలతో సహా బాకీ తీర్చారు. పెట్టెలో కఫన్ బట్ట పెట్టుకున్నారు, జమ్‌జమ్‌లో తడిపి తెచ్చుకోవడానికి, లేదా అక్కడే అవసరమైతే వాడడానికి. తిరిగి వస్తానో రానో అన్న తలంపు ఆనాటి వారికి మాట వరసకు అనేది కాదు.

మేము ఏం చేశాము? బయలుదేరడానికి మూడు రోజుల ముందు, రాత్రి భోజనాలయ్యాక, ఫోనులో ఒక సందేశం రాసి బంధుమిత్రులందరికీ ఒకేసారి పంపించాము. "ఉమ్రాకు వెళుతున్నాము. మా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించండి, దుఆ చేయండి." నూట నలభై మందికి రెండు నిమిషాలలో క్షమాపణ చేరిపోయింది. పువ్వులూ, జోడించిన చేతులూ జవాబుగా వచ్చాయి. ఒక్క ఖాలా దగ్గర నుంచి ఏమీ రాలేదు. ఆమె సందేశాన్ని చదివినట్టు మాత్రం ఫోను చూపించింది.

ఖాలా అమ్మీకి సొంత చెల్లెలు. ఆరేళ్ళుగా మాటలు లేవు. మా నానీ కన్నుమూసినప్పుడు ఆమె పేరిట ఇల్లు, ఇంటి ముందరి రెండు మడిగెలు మిగిలాయి. ఆ మడిగెల అద్దె అమ్మీయే తీసుకుంటూ వచ్చారు. చివరి నాలుగేళ్ళు నానీని చూసుకున్నది తానే గనుక అద్దె తనదే అని అమ్మీ వాదన. చూసుకున్నందుకు పుణ్యం నీది, ఆస్తిలో సగం నాది అని ఖాలా వాదన. షరీఅత్ ప్రకారం ఖాలా మాటే సరైనదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవరమూ నోరు విప్పలేదు. ఆ అద్దెతో మా పిల్లల ఫీజులు కట్టిన నెలలు ఉన్నాయని ఇక్కడ ఒప్పుకోవడమే మంచిది. ఈ టిక్కెట్ల డబ్బులో ఆ అద్దె ఎంత కలిసిందో మేము లెక్క వేయలేదు. లెక్క వేయకపోవడానికి కారణం మాకు తెలుసు.

ప్రయాణం రోజున ఇంటి దగ్గరే గుస్ల్ చేసి, పురుషులు ఇహ్రామ్ వస్త్రాలు కట్టుకున్నారు. నియ్యత్ మాత్రం మీఖాత్ దగ్గర చేయవలసి ఉంది. శంషాబాదులో జుహర్ నమాజు చేసుకుని విమానం ఎక్కాము. అమ్మీకి కిటికీ పక్క సీటు దొరికింది. తలుపులు మూశారు. విమానం కదలలేదు. ఏదో సాంకేతిక కారణమని ప్రకటించారు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. అందరూ విసుక్కుంటున్నారు. అమ్మీ మాత్రం కిటికీలోంచి ఎండ పడిన సిమెంటు నేల వైపు చూస్తూ ఉండి, హఠాత్తుగా, "బేటా, ఫోను ఇంకా పని చేస్తుందా?" అని అడిగారు.

ఖాలా నంబరు అమ్మీ ఫోనులో లేదు. మా ఫోనులోంచి కలిపి ఇచ్చాము.

"చోటీ, నేను విమానంలో కూర్చున్నాను. ఇది కదలడం లేదు."

అవతల నుంచి ఏం వినిపించిందో మాకు తెలియదు. అమ్మీ చాలాసేపు వింటూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి మాత్రం "అవును, ఆరేళ్ళు పట్టింది" అన్నారు. తర్వాత, "కహా సునా మాఫ్ కర్. ఊరికే అనడం లేదు. లెక్క కట్టి ఇస్తాను" అన్నారు. ఆపైన మామూలు మాటలు మొదలయ్యాయి. శాలువా పెట్టుకున్నావా, మోకాళ్ళ మాత్రలు చేతి సంచీలో ఉన్నాయా, పెట్టెలోనా. అప్పుడు మాకు ఊపిరాడింది.

ఫోను పెట్టేసి అమ్మీ కలం అడిగారు. బోర్డింగ్ పాసు వెనుక మా చేత రాయించారు. నెలకు ఇంత, ఎన్ని నెలలు, మధ్యలో ఒక మడిగె ఖాళీగా ఉన్న అయిదు నెలలు తీసివేయగా, పైకప్పు బాగు చేయించిన ఖర్చులో ఖాలా వంతు పట్టుకోగా. "ఆ ఖర్చు పట్టుకోవద్దు" అని మళ్ళీ కొట్టివేయించారు. మొత్తంలో సగం. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఇంటి దగ్గరున్న భాయీజాన్‌కు పంపి, ఈ రోజే ఖాలా ఖాతాలో ఎంత వేయగలిగితే అంత వేయమని, మిగిలింది ఏ నెలకు ఎంత ఇస్తామో రాసి ఇవ్వమని చెప్పాము. ఫోన్లు కట్టేయమని విమాన సిబ్బంది వచ్చి చెప్పే వేళకు ఆయన జవాబు వచ్చింది. నలభై నిమిషాలు ఆలస్యంగా విమానం లేచింది. మనుషుల హక్కులు మనుషులే మాఫ్ చేయాలి, తవాఫ్ చేసినంత మాత్రాన తీరిపోవు అని చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. వినడానికీ, సగాన్ని భాగహారం చేసి రాయడానికీ మధ్య తేడాను ఆ నలభై నిమిషాలలో తెలుసుకున్నాము.

ఆకాశంలోకి వెళ్ళాక ముందు సీటు వెనుక ఉన్న చిన్న తెర మీద పటం కనిపించింది. తెలంగాణ, మహారాష్ట్రల మీదుగా తొలి ఆరు వందల చిల్లర కిలోమీటర్లు భూమి. బొంబాయికి దిగువన తీరం దాటాక ఇక నీళ్ళే, సుమారు పదిహేను వందల కిలోమీటర్లు. నానా ఓడలో రోజుల తరబడి చూసిన నీళ్ళు మాకు మబ్బుల కింద నీలిరంగు తెరలా రెండు గంటలపాటు కనిపించాయి. దారికి సరిగ్గా సగంలో ఒమాన్ తీరం వస్తుంది, అక్కడ మసీరా అనే దీవి. అటుపైన మిగిలిన సగం అరబ్ నేల.

వెళ్ళేటప్పటి కంటే తిరిగి వచ్చేటప్పుడు ఇదే దారి త్వరగా తెమిలిపోతుంది. విమానం ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు ఉధృతమైన గాలి ప్రవహిస్తుంది. వెళ్ళేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకనుంచి తోసే గాలి. అందుకే పోయేటప్పుడు అయిదున్నర నుంచి ఆరు గంటలు పట్టే దూరం, రాకడలో అయిదు గంటలకు అటూ ఇటూగా ముగుస్తుంది. మేము జనవరిలో వెళ్ళాము గనుక ఎదురుగాలి బాగానే తగిలింది.

ఈ దారిలో అన్నిటికంటే విచిత్రమైనది సూర్యుడి సంగతి. మా వెనుక వరుసలో సూర్యాపేట వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. ఆయన చేతి గడియారంలో ఆరయింది. "మగ్రిబ్ అయినట్టుంది కదా నాయనా, ఈ ఎండేమిటి?" అని అడిగారు. కిటికీ నిండా ఎండ. జనవరిలో హైదరాబాదులో ఆ వేళకు పొద్దు కుంకుతుంది. మేమున్న చోట సూర్యుడు ఇంకా దిగంతానికి పైనే ఉన్నాడు.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. హైదరాబాదుకూ జిద్దాకూ మధ్య 39 డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు. సౌదీ గడియారం రెండున్నర గంటలు వెనుక ఉండడానికి మూలం ఇదే. పడమరకు పోయే విమానం సూర్యుడిని వెంబడిస్తుంది. మన అక్షాంశం దగ్గర భూమి గంటకు దాదాపు 1,580 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. విమానం వేగం అందులో సగం. కాబట్టి సూర్యుడిని పట్టుకోలేదు గానీ, అతడి అస్తమయాన్ని వాయిదా వేయిస్తూ పోతుంది. మధ్యాహ్నం సాగిన రబ్బరులా పొడుగవుతుంది. నమాజు వేళలు గడియారం ముల్లు చూసి కాదు, సూర్యుడిని చూసి నిర్ణయమైనవి గనుక, ఆ పెద్దాయనకు ఇంకా మగ్రిబ్ కాదు, అస్రే చేసుకోవాలి.

రమజానులో ఇలా ప్రయాణించేవారికి ఇది మరింత పరీక్ష. ప్రయాణీకునికి ఉపవాసం వాయిదా వేసుకునే సౌలభ్యం ఉన్నది. అయినా ఉన్నవారు పడమరకు పోతే ఇఫ్తార్ రెండున్నర గంటలు ఆలస్యమవుతుంది. పైగా పది పదకొండు కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే దిగంతం కిందకు జారి కనిపిస్తుంది, కింద నేల మీద పొద్దు మునిగిన తర్వాత కూడా పది నిమిషాలకు పైగా విమానంలోని వారికి సూర్యుడు కనబడుతూనే ఉంటాడు. తన కళ్ళకు సూర్యుడు మునిగాకే ఇఫ్తార్ అని పండితులు సాధారణంగా చెబుతారు. కింద ఉన్న ఊరి గడియారం పనికిరాదు, బయలుదేరిన ఊరి గడియారమూ పనికిరాదు.

విమానం ఒమాన్ దాటి రుబ్ అల్ ఖాలీ మీదికి వచ్చింది. ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక. ఊరు లేదు, చెట్టు లేదు, రోడ్డు గీత కూడా లేదు. వాలుతున్న ఎండలో ఇసుక అలలకు ఒకవైపు బంగారు రంగు, మరోవైపు నీడ. అమ్మీ ఆ ఎడారిని చూస్తూ, "ఇందులోంచి ఒంటెల మీద వచ్చినవాళ్ళూ ఉంటారా?" అన్నారు. ఈ ఇసుకను తప్పించి అంచుల వెంబడి బిడారులు నడిచేవని, సూరా అల్ హజ్‌లో సుదూర మార్గాల నుంచి వచ్చేవారి ప్రస్తావన ఉన్నదని గుర్తు చేశాము.

అస్ర్ వేళ అక్కడే అయింది. వెనుక వంటగది దగ్గర కొంచెం జాగాలో ఇద్దరిద్దరు చొప్పున నిలబడి చేసుకోవడానికి సిబ్బంది అనుమతించారు. ఖిబ్లా ఎటు అని ఒక యువకుడు ఫోనులో దిక్సూచి తిప్పుతున్నాడు. అది లోహపు గోడల మధ్య అయోమయంగా తిరుగుతోంది. మాకు అప్పుడు ఆ బిగించిన దారం జ్ఞాపకం వచ్చింది. విమానం ముక్కు ఎటు ఉన్నదో ఖిబ్లా అటే. హైదరాబాదులో లేచిన క్షణం నుంచి మక్కా దగ్గరికి వచ్చేవరకు ఈ విమానం మొత్తం ఖిబ్లాకు ముఖం చేసి ఉన్నది. మోకాళ్ళ నొప్పితో లేవలేని అమ్మీ సీటులో కూర్చునే నమాజు చేసుకున్నారు, ఎటూ తిరగవలసిన అవసరం లేకుండా.

ఇక మీఖాత్. నాలుగు దిక్కుల నుంచి వచ్చే యాత్రికుల కోసం దైవప్రవక్త (స) ఎల్లలు నిర్ణయించారు. మదీనా వైపు వారికి జుల్ హులైఫా, షామ్ వైపు వారికి జుహ్‌ఫా, నజ్ద్ వైపు వారికి ఖర్నుల్ మనాజిల్, యమన్ వైపు వారికి యలమ్‌లమ్. సముద్రం మీద దక్షిణం నుంచి వచ్చిన మన పాతతరం హాజీలకు యలమ్‌లమ్ మీఖాత్ అయ్యేది. ఓడ దానికి ఎదురుగా వచ్చినప్పుడు కూత వేసేదని, డెక్కు మీద వందల గొంతులు ఒక్కసారిగా "లబ్బైక్" అన్నాయని నానా చెప్పేవారట. విమానం మాత్రం తూర్పు నుంచి, తాయిఫ్ వైపుగా వస్తుంది. అందువల్ల మాకు ఖర్నుల్ మనాజిల్ వర్తించింది. ఊరు అదే, కుటుంబం అదే, వాహనం మారేసరికి ఎల్ల మారింది.

ఓడలో ఆ ఎల్ల దాటడానికి తీరిక ఉండేది. విమానంలో అది నిమిషాల వ్యవహారం. ఖర్నుల్ మనాజిల్ నుంచి జిద్దా విమానాశ్రయం గాలిలో 130 కిలోమీటర్ల దూరం. విమానం నిమిషానికి పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోతుంది. ఇహ్రామ్ నియ్యత్ లేకుండా ఆ గీత దాటితే వెనక్కి వెళ్ళి రావాలి, లేదా ఖుర్బానీ ఇచ్చుకోవాలి. అందుకే ముందుగా ప్రకటిస్తారు. మా విమానంలో ప్రకటన వచ్చింది, అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. శబ్దం సరిగా లేదు. మీఖాత్ అన్న ఒక్క మాట తప్ప మాకే ఏమీ అర్థం కాలేదు. నల్లగొండ, ఖమ్మం, గుంటూరు పల్లెల నుంచి వచ్చిన వృద్ధులు సగానికి పైగా నిద్రలో ఉన్నారు. ఒక సంస్థ ఇంతమంది యాత్రికులను ఈ దారిలో తీసుకువెళుతూ, వారి భాషలో రెండు ముక్కలు చెప్పించలేకపోవడం మాకు బాధ కలిగించింది.

అప్పుడు ఆ ఫోను దిక్సూచి యువకుడు లేచాడు. నడవలో ముందు నుంచి వెనుకకు నడుస్తూ, "మీఖాత్ పది నిమిషాలలో వస్తుంది, లేవండి తాతా, నియ్యత్ చేసుకోండి అమ్మా" అని తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, నిద్రపోతున్నవారి భుజం తట్టి చెప్పుకుంటూ పోయాడు. సూర్యాపేట పెద్దాయన ఉలిక్కిపడి లేచి, "దాటిపోయిందా?" అని అడిగారు. ఆ అడగడంలో ఉన్న భయం మేము మరిచిపోలేము. ఎకరం పొలం కౌలుకిచ్చి వచ్చిన మనిషి అని తర్వాత తెలిసింది. దాటలేదని చెప్పాక ఆయన రెండు చేతులూ ఎత్తి గట్టిగా తల్బియా అందుకున్నారు. ఆ గొంతు వెంట వరుస వరుసగా గొంతులు కలిశాయి. అమ్మీ పెదవులు కదులుతున్నాయి. ఆమె చేతిలో తస్బీహ్ లేదు, మడత పెట్టిన ఆ బోర్డింగ్ పాసు ఉంది.

విమానం దిగేటప్పుడు జిద్దాలో ఇంకా పగలే. భారత కాలమానంలో రాత్రి ఎనిమిదింబావు, అక్కడ అయిదు ముప్పావు. కిందికి వంగుతుండగా ఒకవైపు తెల్లని గుడారాల వరుసలు కనిపించాయి. అది హజ్ టెర్మినల్. 1981లో తెరిచిన ఆ కట్టడానికి పైకప్పు గుడారాల ఆకారంలో కుట్టిన గాజునార వస్త్రం. అలాంటివి 210 ఉన్నాయి. ఎడారి ఎండను వెనక్కి కొట్టి, వేడి గాలిని పైనుంచి వదిలివేస్తాయి. ఆ నిర్మాణానికి రూపమిచ్చిన ఇంజనీర్లలో ప్రముఖుడు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. షికాగోలో ప్రపంచ ప్రసిద్ధమైన ఆకాశహర్మ్యాలను నిలిపినవాడు. 1982లో ఆయన కన్నుమూసింది కూడా జిద్దాలోనే.

జిద్దాను మక్కాకు రేవుగా ఎంపిక చేసింది మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) అని చరిత్ర చెబుతుంది, హిజ్రీ 26లో. అప్పటి నుంచి ఇక్కడ దిగినవారంతా మిగిలిన 80 కిలోమీటర్లు నేల మీద పోవలసిందే. ఇప్పుడు 2018 నుంచి హరమైన్ రైలు నడుస్తోంది, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో. మేము బస్సులో వెళ్ళాము. విమానాశ్రయంలో తనిఖీలకూ సామానుకూ రెండు గంటలు పట్టింది, బస్సుకు గంటన్నర. మొత్తం ప్రయాణంలో అతి నెమ్మదిగా సాగింది ఆ చివరి భాగమే. మాకు అదేమీ కష్టంగా తోచలేదు. ఆరు గంటలలో వచ్చిపడిన మనసుకు కొంచెం నెమ్మది కావలసి వచ్చింది.

ఆ రాత్రి అమ్మీని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తవాఫ్ చేయించాము, సయీ చేయించాము. కాబా మొదటిసారి కంటబడిన క్షణం గురించి రాయబోయి రెండుసార్లు కొట్టివేశాము. వెళ్ళినవారికి తెలుసు, వెళ్ళవలసినవారికి అల్లాహ్ చూపించుగాక.

బసకు చేరేసరికి రాత్రి మూడు కావస్తోంది. గడియారాన్ని సౌదీ సమయానికి తిప్పమంటారా అని అమ్మీని అడిగాము. వద్దన్నారు. ఆమె గడియారంలో అయిదున్నర. ఫోను కలపమన్నారు. మిర్యాలగూడలో ఖాలా మొదటి మోతలోనే ఎత్తారు. "అయిపోయింది చోటీ, నీ పేరు చెప్పాను" అన్నారు అమ్మీ. ఖాలా ఏదో అంటుండగా ఆ వెనుక నుంచి మా ఊరి మసీదు మైకు గరగరమంది. ఫజర్ అజాన్ మొదలైంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మాటలు ఆపి, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, అజాన్ పూర్తయ్యేవరకు విన్నారు.